టీ తాగని ఎలుకలు

ఆ పరిశోధనశాలకి మూడంతస్తులు. పై అంతస్తులో పెద్దసారు, ఆయన తిరిగే కుర్చీ, గోడ నిండా ఆయన ఎవరెవరితోనో చేతులు కలుపుతున్న ఫొటోలు. మధ్య అంతస్తులో కంప్యూటర్లు, గాజు గొట్టాలు, వాటి మధ్య తల వంచుకుని పనిచేసేవాళ్లు. కింద, మెట్ల వెనక, రెండు తలుపులు దాటి, చెప్పులు విడిచి, తెల్లకోటు తగిలించుకుని లోపలికి వెళితే ఎలుకల గది. ఇరవై ఆరేళ్లుగా ఆ గదిలో పనిచేస్తున్న మనిషి బోనుల బాబాయి. ఆయనకి సొంత పేరు ఒకటుంది గానీ అది హాజరుపట్టీ దాటి ఎన్నడూ బయటికి రాలేదు.

పై అంతస్తులో ఎంత గొప్ప ఆలోచన పుట్టినా చివరికి అది బాబాయి చేతిమీదుగానే జరగాలి. ఎలుకలకి మేత వెయ్యాలి. సీసాలు కడిగి నింపాలి. బోనుల్లో తడిసిన రంపపు పొట్టు ఎత్తి కొత్తది పరచాలి. తోకల మీద చెరిగిపోయిన అంకెలు మళ్లీ దిద్దాలి. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ గది వాసన ఆయన ఒంటిని వదల్లేదు. బస్సెక్కితే ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. దాన్ని ఆయన మర్యాద కింద జమ కట్టుకున్నాడు.

బాబాయి మంచివాడు. ఒక్క మనిషికి అంత మంచితనం అవసరం లేదు కూడా. ఎవరేం చెప్పినా ముందు 'సరే సార్' అనేయడం, తర్వాత తన మనసుకి తోచింది చాటుగా చేసేయడం, ఈ రెండు కాళ్ల మీదే ఆయన ఉద్యోగం నడిచింది. పెళ్లి సంగతి వచ్చినప్పుడల్లా 'చూద్దాం' అంటూ వచ్చాడు. చూస్తూ చూస్తూ ఉండగానే యాభై ఆరేళ్లు వచ్చేశాయి. ఎలుకలు మాత్రం ఆయన అడుగుల చప్పుడు వినగానే బోను ముందుకి వచ్చి నిలబడేవి. మేత కోసమే అనుకోండి. అయినా తనని చూసి ఎదురొచ్చే ప్రాణులు ఆయనకి వేరే లేవు.

ఇలా సాగుతుండగా పెద్దసారు ఏదో సదస్సుకి వెళ్లొచ్చాడు. వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లినవాడు, వచ్చేటప్పుడు నాలుగు డబ్బాల గ్రీన్ టీ ఆకు, ఒక ప్రశ్న పట్టుకొచ్చాడు. గ్రీన్ టీ రోజూ తాగితే కాన్సర్ గడ్డ పెరగడం తగ్గుతుందా, రక్తంలో కొవ్వు దిగుతుందా అన్నది ఆ ప్రశ్న. ప్రశ్నలో తప్పేమీ లేదు. జవాబు ముందే ఖాయం చేసుకున్న మనిషి దాన్ని అడగడంలోనే వచ్చింది చిక్కంతా.

నలభై ఎలుకల్ని తెచ్చి, వాటికి చర్మం కింద గడ్డ పుట్టేలా మందెక్కించారు. ఇరవై బోనులకి ఆకుపచ్చ చీటీ, ఇరవై బోనులకి తెల్ల చీటీ. ఆకుపచ్చ వాటికి సీసాలో టీ, తెల్లవాటికి సీసాలో నీళ్లు. పదహారు వారాల పని. దీని మీదే పట్టా తెచ్చుకోవాల్సిన ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. అందరూ థీసిస్ అమ్మాయి అనేవారు. వారానికి ఒక రోజు కిందికి దిగి ఎలుకల్ని తూచి, గడ్డల్ని కొలిచి వెళ్లేది. మిగతా రోజులన్నీ బాబాయి, ఆయన ముందు ఒక లావుపాటి పుస్తకం. అందులో బోను నంబరు, పొద్దున పోసింది ఎంత, సాయంత్రం మిగిలింది ఎంత, కింద సంతకం. అంతే. ఏ ఎలుక ఎంత మేత తిన్నదో రాయడానికి గడి లేదు. గడి లేనిచోట రాసే అలవాటు బాబాయికి లేదు.

మొదటి సాయంత్రం చూస్తే ఆకుపచ్చ చీటీల సీసాలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఎలుక వచ్చి సీసా గొట్టాన్ని ఒకసారి నాకడం, ముందుకాళ్లతో మూతి తుడుచుకోవడం, మూలకి పోయి కూర్చోవడం. పెద్దసారు టీ చిక్కగా కాచమన్నాడు మరి. ఎంత చిక్కగా కాస్తే ఫలితం అంత చిక్కగా వస్తుందని ఆయన లెక్క. బాబాయి తానూ ఒక గుక్క తాగి చూశాడు. తాగాక ఎలుకల పక్షానికి వచ్చేశాడు.

మొదటి మూడు రోజులూ పుస్తకంలో నిజమే రాశాడు, తాగలేదని. నాలుగో రోజు పైనుంచి పిలుపొచ్చింది. పెద్దసారు ఒంటికాలి మీద లేచాడు. లోకమంతా తాగుతున్న టీ నీ ఎలుకలకి చేదయిందా, వాటికేం రోగం అన్నాడు. రోగం తమరు తెప్పించిందే కదా అని బాబాయికి నోటిదాకా వచ్చింది. కానీ ఆయనకి నోటిదాకా వచ్చినవన్నీ అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోతుంటాయి. సీసాలు ఖాళీ కాకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు పెద్దసారు. సరే సార్ అన్నాడు బాబాయి.

మర్నాటి నుంచి సీసాలు ఖాళీ కావడం మొదలైంది. సాయంత్రం నాలుగున్నరకి బాబాయి ఒక్కో సీసాలో ముప్పాతిక వంతు టీ కిటికీ దగ్గరున్న పూలకుండీల్లో వంచేసేవాడు. మిగిలింది బుద్ధిగా కొలిచి రాసేవాడు. రాతలో అనుమానం రాకుండా ఒక బోనుకి కాస్త ఎక్కువ, ఒక బోనుకి కాస్త తక్కువ వేసేవాడు. ఈ నాలుగు నెలల్లో రెండు పూలమొక్కలు చచ్చిపోయాయి. ఆ ఫలితం ఎక్కడా అచ్చు కాలేదు.

మరి ఎలుకల దాహం సంగతి? దానికీ ఒక ఏర్పాటు చేశాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లగానే టీ సీసాలు తీసి మంచినీళ్ల సీసాలు తగిలించేవాడు. అవి ఆబగా తాగేవి. అరగంట కాగానే మళ్లీ టీ సీసాలు. నీళ్లు ఎక్కువసేపు ఉంచడానికి భయం, అసలు పెట్టకుండా ఉండటానికి మనసొప్పదు. భయానికి సగం, జాలికి సగం పంచితే అరగంట వచ్చింది. అరగంట నీళ్లతో ప్రాణం నిలబడుతుంది గానీ, గట్టి మేత బిళ్లలు గొంతు దిగవు. ఆకుపచ్చ చీటీల బోనుల్లో బిళ్లలు మిగిలిపోయేవి. బాబాయి వాటిని ఏరి మళ్లీ సంచిలో పోసేవాడు. ఎలుకలు చిక్కిపోతున్నాయని ఆయన చూడకపోలేదు. చూశాడు, బాధపడ్డాడు, తన చేతిలో ఏముందిలే అనుకున్నాడు.

పదహారు వారాలు అయ్యాక నలభై ఎలుకల్నీ చంపి, రక్తం తీసి, గడ్డలు కోసి తూచారు. ట్రేలు అందించింది బాబాయే. ఆ వారమంతా ఆయనకి సరిగ్గా నిద్ర లేదు. పైన మాత్రం పండగలా ఉంది. టీ ఎలుకల గడ్డలు నీళ్ల ఎలుకల గడ్డల్లో సగమే ఉన్నాయి. రక్తంలో కొవ్వు కూడా బాగా తక్కువ. టీ ఎలుకల బరువు కూడా తక్కువుందే అని థీసిస్ అమ్మాయి ఒకసారి అడిగింది. కొవ్వు కరిగితే బరువు తగ్గదా, అదే కదా మన ఫలితం అని పెద్దసారు ఆ అమ్మాయి నోరు మూయించాడు. తెలివైన ప్రశ్నకి తెలివైనట్టుండే జవాబు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ చాతుర్యం మీదే పై అంతస్తు దాకా వచ్చాడు.

ఆదివారం పేపర్లో అరపేజీ వేశారు. 'కాన్సర్ గడ్డకు గ్రీన్ టీ కళ్లెం' అని పైన. కింద ఫొటో. పెద్దసారు కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు. కప్పులో ఏమీ లేదు. ఆయన తాగేది పాలు పోసి మూడు చెంచాల చక్కెర వేసిన టీ మాత్రమే. ఆయన భుజం వెనక బోను పట్టుకుని సగం మొహంతో బాబాయి కనిపిస్తున్నాడు.

ఆ సగం మొహమే కొంప ముంచింది.

బాబాయికి సొంతమని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క అక్క. తల్లి పోయేనాటికి ఆయనకి ఆరేళ్లు, ఆమెకి పదిహేను. అప్పటి నుంచీ తల్లీ ఆమే. పలక మీద చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. ఇప్పుడు రెండు వీధుల అవతల ఉంటుంది. ముందు గదిలో కుట్టుమిషను, కిటికీకి వేలాడే కొలతల టేపు, కుర్చీల మీద కుట్టాల్సిన స్కూలు యూనిఫాంల కుప్ప. బాబాయి రాత్రి భోజనం రోజూ అక్కడే.

ఆమె భర్త, అంటే బావ, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు బస్సు నిండా జనాన్ని అదిలించిన గొంతుకి ఇప్పుడు ఇంట్లో మిగిలిన ప్రయాణికురాలు ఒక్కతే. ఆయన పేపరు తెరిస్తే నేరుగా ఆరోగ్యం పేజీకే వెళతాడు. ఒక ఏడాది పచ్చి వెల్లుల్లి తిన్నాడు, ఒక ఏడాది తేనె నాకాడు, ఒక ఏడాది వెనక్కి నడిచాడు. సైకిలు గుద్దుకున్నాక ముందుకి నడవడం మళ్లీ మొదలుపెట్టాడు.

పేపర్లో ఆ వార్త పడటానికి పది రోజుల ముందు, అక్క తన కోసం జాకెట్టు కుట్టుకుంటూ టేపుతో తన కొలత తనే తీసుకుంటోంది. ఎడమ రొమ్ము పక్కన వేలికి గట్టిగా ఏదో తగిలింది. పరీక్షలు చేయించారు. కాన్సరే, కానీ చిన్నది, ఇప్పుడే తీసేస్తే మంచిదంది డాక్టరమ్మ. వచ్చే గురువారం ఆపరేషన్ అని చీటీ రాసిచ్చింది. అక్క ఆ చీటీని మిషను సొరుగులో పెట్టి, మళ్లీ ఆ సొరుగు తెరవలేదు. దారం కావాలన్నా వీధి చివరి కొట్టుకి వెళ్లి కొత్తది కొనుక్కుంది.

అలాంటప్పుడు పేపర్లో ఆ వార్త, ఆ వార్తలో తమ్ముడి సగం మొహం. బావ ఆ ముక్క కత్తిరించి ప్లాస్టిక్ కవరులో పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఎవరో ఎక్కడో రాసింది కాదు, మనింటి మనిషి చేతులతో జరిగిందన్నాడు. ఆపరేషన్ మూడు నెలలు వాయిదా వేద్దాం, ఈలోపు టీతో గడ్డ సంగతి తేలుస్తానన్నాడు. అక్క తెలివితక్కువది కాదు. కత్తి అంటే భయపడింది. భయపడ్డవాళ్లకి ఎవరైనా కాస్త నమ్మకంగా మాట్లాడితే చాలు. గురువారం వచ్చింది, వెళ్లిపోయింది, ఆవిడ ఆస్పత్రి గడప తొక్కలేదు.

తమ్ముడు బెంగపడతాడని అక్క అన్నాళ్లూ దాచిన జబ్బు సంగతి, ఈ టీ సంగతి ఆ రాత్రి భోజనానికి వెళ్లిన బాబాయికి తెలిశాయి. అక్క కప్పు పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. "నువ్వు ఎలుకలకి తాగించిన టీయేరా," అంది. ఎంతో గర్వంగా అంది. ఆ గర్వం చూసిన బాబాయి మంచిది అక్కా అనేసి, తల దించుకుని భోజనం చేసి ఇంటికొచ్చేశాడు.

తర్వాత మూడు వారాలు బాబాయి నీళ్లు నమిలాడు. ఆపరేషన్ కూడా మంచిదేనంటారు అని ఒకరోజు అన్నాడు. ఆపరేషన్ చేసేవాళ్లు అలాగే అంటారని బావ కొట్టిపారేశాడు. ఎలుకలు వేరు, మనుషులు వేరు కదా అని ఇంకోరోజు అన్నాడు. నీకు నీ ఉద్యోగం మీదే గౌరవం లేదని బావ చీవాట్లు పెట్టాడు. అసలు సంగతి చెప్పాలంటే తాను నాలుగు నెలలు దొంగ రాతలు రాశానని చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది. దానికంటే ఎక్కువగా, రాయడం నేర్పిన మనిషి ముందే ఆ మాట చెప్పాలి. పోనీలే, టీ వల్ల పోయేదేముంది, ఆమే విసిగి మానేస్తుందని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన్ని కాపాడిన తెలివి అదే. ఆ తెలివికి ఆయన మీద ఉన్న ప్రేమ అక్క మీద లేదు.

బావ ఊరుకునే రకం కాదు. రోజుకి తొమ్మిది కప్పులు పెట్టాడు. ఫోన్లో తొమ్మిది అలారాలు. కప్పు అవగానే నోటుబుక్కులో టిక్కు. ఆదివారం ఆదివారం వేయింగ్ మిషను ఎక్కించి బరువు రాసుకునేవాడు. మూడో ఆదివారం బాబాయి వెళ్లేసరికి ఇంట్లో సంబరంగా ఉంది. అక్క నాలుగు కిలోలు తగ్గిందట. కొవ్వు కరుగుతోంది, ఇంక గడ్డ ఎక్కడికి పోతుందని బావ గది అంతా తిరుగుతున్నాడు.

అక్క భోజనానికి కూర్చుంది. రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపింది. ఆ చేదుతో నోరు పాడైందిరా, ఆకలే చచ్చిపోయింది, ఏమీ సయించడం లేదని తమ్ముడితో అంది. బాబాయి ఆమె మొహం చూశాడు. దవడలు లోపలికి పోయాయి. మెడ దగ్గర ఎముకలు తేలాయి. కంచంలో పెట్టినది పెట్టినట్టే ఉంది. అప్పుడు ఆయనకి బోనుల్లో మిగిలిన మేత బిళ్లలు కళ్లముందు కనిపించాయి. సంచిలో తిరిగి పోసిన బిళ్లలు, చిక్కిన ఎలుకలు, సగం గడ్డలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇన్ని నెలలూ చేతులతో చేసిన పని ఏమిటో ఆయన బుర్రకి అప్పుడే అందింది. లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున్నే థీసిస్ అమ్మాయి దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పేశాడు. కుండీలు, అరగంట నీళ్లు, మిగిలిన బిళ్లలు, ఏదీ దాచలేదు. ఆ అమ్మాయి నాలుగేళ్ల చదువు ఆ కుండీల్లో పోసినట్టయింది. కంప్యూటర్లో బరువుల పట్టిక తెరిచి మొదటి వారం నుంచి చూసుకుంటూ వచ్చింది.

"తిండి తగ్గితే గడ్డ నెమ్మదిగానే పెరుగుతుంది బాబాయ్. రక్తంలో కొవ్వూ తగ్గుతుంది," అంది చివరికి. "మనం చూసింది టీ పనో, పస్తుల పనో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బరువు చూసినప్పుడే నేను గట్టిగా అడగాల్సింది."

ఇద్దరూ పై అంతస్తుకి వెళ్లారు. పెద్దసారు మూడు చెంచాల టీ తాగుతూ అంతా విన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే విన్నట్టవుతుంది. పుస్తకం తెప్పించి బల్ల మీద పెట్టి, ఇందులో ఏం రాసుంది అని బాబాయిని అడిగాడు. తాగాయని రాసుంది సార్ అన్నాడు బాబాయి. సంతకం ఎవరిది? నాదే సార్. "మరి తాగాయి," అన్నాడు పెద్దసారు. "పుస్తకంలో లేనిది ఈ బిల్డింగులో జరగదు."

బాబాయి అక్క సంగతి చెప్పాడు. పెద్దసారు నిజంగానే బాధపడ్డాడు, అంటే కప్పు కింద పెట్టాడు. ఆపరేషన్ మానమని నేనెక్కడ చెప్పాను, అది పేపరువాళ్ల రాత, వెంటనే ఆస్పత్రిలో చేర్పించు అన్నాడు. అదే మాట పేపర్లో చెప్పండి సార్ అని థీసిస్ అమ్మాయి అంది. వచ్చే నెల సదస్సు అయ్యాక చూద్దామన్నాడు. బాబాయి నోటికి 'సరే సార్' అలవాటుగా వచ్చింది. ఈసారి దాన్ని మింగేసి, నమస్కారం కూడా పెట్టకుండా మెట్లు దిగాడు. ఆయన జీవితంలో అంత పెద్ద తిరుగుబాటు అంతకుముందు జరగలేదు.

నేరుగా అక్క ఇంటికి వెళ్లాడు. పగటిపూట తమ్ముడు రావడం చూసి అక్క మిషను ఆపింది. బావ నాలుగో కప్పు పట్టుకొస్తున్నాడు. బాబాయి కూర్చోలేదు. నిలబడే మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఎలుకలు ఆ టీ తాగలేదు. తాగాయని నేను రాశాను. నీళ్లు చాలక మేత మానేశాయి, చిక్కిపోయాయి. ఆ చిక్కడమే పేపర్లో మందుగా పడింది.

బావకి అంత తేలిగ్గా ఓటమి ఒప్పుకునే అలవాటు లేదు. ఎలా అయితేనేం, గడ్డ సగం తగ్గిందని రాశారు కదా అన్నాడు.

"తగ్గలేదు బావా, పెరిగింది," అన్నాడు బాబాయి. "నీళ్ల ఎలుకలకి బాగా పెరిగింది, టీ ఎలుకలకి అందులో సగం పెరిగింది. అంతే. నలభై ట్రేలూ నేనే అందించాను. గడ్డ లేని ట్రే ఒక్కటి కూడా లేదు."

బావ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. పేపరు ముక్కని ఆయన కొన్ని వందలసార్లు చదివి ఉంటాడు. సగం గడ్డ అంటే ఇంకో సగం మిగిలే ఉందన్న మాట ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. పేపరు రాసినవాడికీ తట్టలేదు. అసలు ఆ ప్రశ్న ఎవరూ బాబాయిని అడగలేదు.

అక్క తమ్ముడి వైపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఎలుకలకి దాహమేస్తే ఒక్క పూట చూస్తూ ఉండలేకపోయావు," అంది. "నేను మూడు వారాలు తాగుతుంటే ఎదురుగా కూర్చుని భోజనం చేశావు కదరా."

అక్క మొగుడి వైపు తిరిగి డాక్టరమ్మకి ఫోను చెయ్యమంది. సొరుగు లాగి చీటీ బయటికి తీసింది. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

ఆపరేషన్ అయింది. గడ్డతో పాటు చంక కింద ఒక గ్రంథి కూడా తీసేయాల్సి వచ్చింది. మొదట చెప్పిన గురువారమే వచ్చి ఉంటే దాని అవసరం ఉండేదా అని బాబాయి డాక్టరమ్మని అడిగాడు. ఉండేదో లేదో చెప్పలేనంది ఆవిడ. ఉండేదని చెప్పినా, లేదని చెప్పినా ఆయన ఎలాగో ఒకలా మోసేవాడు. చెప్పలేనన్న మాటని ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు.

ఈలోగా పరిశోధనశాలలోనూ కొన్ని పనులు జరిగాయి. దొంగ రాతలు రాసినందుకు బాబాయిని ఎలుకల గది నుంచి తీసేసి స్టోరు గదికి మార్చారు. ఆ రాతల మీద నిలబడ్డ ఫలితాన్ని మాత్రం ఎక్కడికీ మార్చలేదు. పెద్దసారు దాన్ని పట్టుకుని సదస్సుకి వెళ్లాడు, శాలువా కప్పించుకుని వచ్చాడు. థీసిస్ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి మూడు గుంపులు, టీకి ఒకటి, నీళ్లకి ఒకటి, నీళ్లిచ్చి మేత తగ్గించడానికి ఒకటి. పుస్తకంలో మేతకి కూడా ఒక గడి. టీ వల్ల ఏదైనా జరుగుతుందో లేదో ఏడాది తర్వాత తెలుస్తుంది, ఏమీ జరగదని తేలితే ఏ పేపరువాడూ రాడంది. ఆ అమ్మాయికి పట్టా ఒక ఏడాది వెనక్కి పోయింది. బాబాయి అది కూడా తన లెక్కలోనే వేసుకున్నాడు.

ఆస్పత్రి వార్డులో అక్కది కిటికీ పక్క మంచం. బాబాయి రోజూ సాయంత్రం వచ్చి కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. అక్క గోడవైపు తిరిగి పడుకునేది. వెళ్లిపొమ్మని మాత్రం అనలేదు. దానితోనే ఆయన సరిపెట్టుకున్నాడు.

అయిదో రోజు పక్క మంచం మీదికి ఒక పెద్దావిడ వచ్చింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కూతురు తోడొచ్చింది. ఆవిడకీ అదే జబ్బు, పరీక్షలు చేయించుకోవడం వరకే ఒప్పుకుని వచ్చిందట. తలగడ పక్కన ఒక ఫ్లాస్కు. మూత తీయగానే ఆ వాసన బాబాయికి ఇట్టే తెలిసిపోయింది. బావ నోరు మూసుకుని కూర్చోలేడు కదా, మా బావమరిది పేపర్లో పడ్డ ఆ టీ లాబ్‌లోనే పనిచేస్తాడని చెప్పేశాడు. పెద్దావిడ మొహం విప్పారింది. దిండు ఎత్తుగా పెట్టుకుని లేచి కూర్చుని, అయితే మీరే చెప్పండి, ఎన్ని కప్పులు తాగితే మంచిదని అడిగింది.

బాబాయి చెప్పడం మొదలుపెట్టాడు. ఎలుకలు తాగలేదనీ, తాను దొంగ రాత రాశాననీ, టీ తాగాలనుకుంటే తాగండి గానీ ఆపరేషన్ మాత్రం మానొద్దనీ అన్నాడు. వార్డులో ఆ పక్కా ఈ పక్కా ఉన్నవాళ్లు కూడా తలలు తిప్పి వింటున్నారు. ఆవిడ ఓపిగ్గా అంతా విన్నది. విని, మీరు డాక్టరా అని అడిగింది. కాదన్నాడు. సైంటిస్టా? కాదు, బోనులు కడిగేవాణ్ణి. ఎంతవరకు చదివారు? ఎనిమిది దాకా. పెద్దావిడ మర్యాదగా నవ్వింది. పేపర్లో అంత పెద్ద సారు ఫొటోతో సహా చెప్పారు కదండీ, మీకు తెలియని సంగతులు ఉంటాయి అంది. ఫ్లాస్కు మూతలోకి టీ వంచుకుంది.

గోడవైపు పడుకున్న అక్క మెల్లగా ఇటు తిరిగింది. కుట్లు లాగి ఉంటాయి, పళ్ల బిగువున ఊపిరి పట్టింది.

"ఆ టీ గురించి మా తమ్ముడికి తెలిసినంత ఏ సారుకీ తెలియదండీ," అంది. "వీడు అబద్ధం రాసినప్పుడు చదువెంత అని ఎవరూ అడగలేదు. ఊరంతా నమ్మింది, నేనూ నమ్మాను. ఇప్పుడు నిజం చెబుతుంటే అందరికీ వీడి చదువు గుర్తొస్తోంది."

పెద్దావిడ మూతలో టీ అలాగే పట్టుకుని కూర్చుంది. కూతురు తల్లి వైపు చూడటానికి భయపడి కిటికీ వైపు చూస్తోంది. కాసేపటికి పెద్దావిడ గొంతు తగ్గించి, ఆపరేషన్ చాలా నొప్పిగా ఉంటుందా అని అక్కని అడిగింది.

"ఉంటుంది," అంది అక్క. "నాకూ భయమేసింది. ఆ భయానికే నేనూ తొమ్మిది కప్పులు తాగాను. గడ్డకి భయం లేదండీ, అది దాని పని అది చేసుకుపోయింది."

పెద్దావిడ మూతలో టీ తిరిగి ఫ్లాస్కులో పోసింది. ఒక్క చుక్క దుప్పటి మీద పడితే చేత్తో తుడిచింది. తర్వాత కూతుర్ని పిలిచి, డాక్టరమ్మ వార్డుకి ఎన్నింటికి వస్తుందో కనుక్కుని రమ్మంది.